వ్యసనం విడిచిన ఆటగాడు తిరిగి మైదానంలోకి – ఇంటివారు తెలుసుకొనవలసిన విషయాలు

చెరకు తోటల నడుమ ఉన్న ఊరు మా చోడవరం. గోవాడ చక్కెర కర్మాగారం, అనకాపల్లి బెల్లం బజారు పేర్లు వినని తెలుగువారు అరుదు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోనిదైన ఈ ఊరు 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఈ నేలలో పండిన చెరకే బెల్లమై పిల్లలకు బలాన్నిస్తున్నది. ఆ బెల్లాన్నే పులియబెట్టి కాస్తే నాటుసారా అవుతున్నది. పదార్థం ఒక్కటే. దానిని వాడే తీరును బట్టి అమృతం విషమవుతున్నది.

ఈ ప్రాంతంలో వైద్యం చేస్తున్న నా వద్దకు వచ్చే తల్లులలో కొందరు ఒకేసారి రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. “బాబు కబడ్డీ బాగా ఆడేవాడండి. త్రాగుడులో పడ్డాడు. ఇప్పుడు మానివేశాడు. మళ్ళీ ఆటకు పంపవచ్చునా?” అన్నది మొదటి ప్రశ్న. “బాగా నీరసించిపోయాడు. బలానికి ద్రాక్షారిష్టం పట్టమంటారా?” అన్నది రెండవది.

మొదటి ప్రశ్నకు నా సమాధానం: పంపవచ్చును, అయితే మెట్టు మెట్టుగా పంపవలెను. రెండవ ప్రశ్నకు సమాధానం: ఎంతమాత్రం పట్టకూడదు. ఈ రెండు సమాధానాలకు కారణాలు వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యసనం గురించి ఆయుర్వేదం ఏమి చెప్పినది?

మద్యం వలన కలిగే రోగాలను మన పూర్వులు తేలికగా తీసుకొనలేదు. చరక సంహిత చికిత్సా స్థానంలో 24వ అధ్యాయం పూర్తిగా మదాత్యయ చికిత్సకే కేటాయింపబడినది. సుశ్రుతుడు దీనినే పానాత్యయమన్నాడు. అనగా త్రాగుడును కేవలం దుర్గుణంగా చూసి తిట్టి ఊరుకొనక, దానివలన కలిగే రోగానికి చికిత్స, పథ్యం, పరిచర్య చెప్పారు. నేటి వైద్యశాస్త్రం కూడా వ్యసనాన్ని మెదడుకు సంబంధించిన దీర్ఘకాలిక రోగంగానే పరిగణిస్తున్నది. మధుమేహానికి, రక్తపోటుకు ఎంత కాలం జాగ్రత్త అవసరమో దీనికీ అంత కాలం అవసరం. “మానేశాడు కదా, ఇక అయిపోయింది” అనుకొనుట వలననే పలు కుటుంబాలు రెండవసారి కష్టాల పాలవుతున్నవి.

ఆటగాడు వ్యసనంలో ఎట్లా పడతాడు?

దేహదారుఢ్యం గల ఆటగాడికి వ్యసనం అంటదని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ఇందుకు అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటగాడు జోష్ హామిల్టన్ జీవితం చక్కని ఉదాహరణ. మనకు క్రికెట్ ఎట్లాగో వారికి బేస్‌బాల్ అట్లాగు. 1999లో 18 ఏళ్ళ వయసులో, ఆ ఏటి కొత్త ఆటగాళ్ళ ఎంపికలో ఇతడిని అందరికంటే ముందుగా టాంపా బే జట్టు ఎన్నుకొన్నది. త్రాగుడు, మత్తుమందులు ఎరుగని కుర్రవాడు. తల్లిదండ్రులు ఊరూరా వెంట ఉండి చూసుకొనేవారు.

2001లో కారు ప్రమాదం జరిగినది. నడుముకు దెబ్బ తగిలినది. తల్లి చికిత్స కోసం తల్లిదండ్రులు స్వస్థలానికి వెళ్ళిపోయారు. ఆట లేదు, చేతినిండా సమయం, చేతినిండా డబ్బు, పక్కన అయినవారు లేరు. ఆ ఖాళీలో దొరికిన కొత్త స్నేహాలు అతడిని మద్యానికి, కొకెయిన్‌కు అలవాటు చేసినవి. 2004లో అతడిని ఆట నుండి నిషేధించారు. సుమారు మూడేళ్ళ పాటు అతడికి మైదానమే లేకపోయినది.

ఇక్కడ గృహిణులు గమనించవలసిన విషయం ఒకటున్నది. అతడు పడిపోయినది ఆట వలన కాదు, ఆట ఆగిపోయినప్పుడు. మన పిల్లలలో కూడా మోకాలు బెణికి ఇంటిపట్టున కూర్చున్న రోజులు, ఎంపికలో పేరు రాని రోజులు, సంక్రాంతి పోటీలు అయిపోయి పని లేని రోజులే ప్రమాదకరమైనవి. దెబ్బకు కట్టు కట్టుటతో సరిపెట్టక, ఆ ఖాళీని కూడా చూసుకొనవలెను.

అతడు తిరిగి ఎట్లా వచ్చాడు?

2005 అక్టోబరులో చిక్కి శల్యమై హామిల్టన్ తన అమ్మమ్మ మేరీ హోల్ట్ ఇంటి తలుపు తట్టాడు. ఆమె తిండి పెట్టినది, పడుకోబెట్టినది. అయితే తన ఇంట్లోనే మళ్ళీ మత్తుమందు వాడినట్లు తెలిసినప్పుడు ఆమె ఊరుకొనలేదు, నిలదీసినది. అతడు మానుట ఆనాటి నుండి మొదలైనదని అతడే చెప్పుకొన్నాడు. ప్రేమ, కట్టుబాటు రెండూ ఒకే చేతితో అందినప్పుడు ఔషధం పనిచేస్తుందనుటకు ఇది నిదర్శనం.

2006 ఆరంభంలో ఫ్లోరిడాలోని ఒక శిక్షణ కేంద్రంలో చేరి, మరుగుదొడ్లు కడిగి, మైదానం చదునుచేసి, అందుకు ప్రతిఫలంగా అక్కడ సాధన చేసుకొనే అవకాశం పొందాడు. కోట్ల రూపాయల విలువ గల ఆటగాడు నేలపై పరుపు వేసుకొని పడుకొన్నాడు. అదే ఏడాది నిషేధం సడలింది. 2007 ఏప్రిల్‌లో సిన్సినాటి జట్టు తరఫున పెద్ద పోటీలలో తొలిసారి ఆడాడు. 2010లో అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నికైనాడు.

తిరిగి వచ్చిన తరువాత కూడా అతడిని ఒంటరిగా వదలలేదు. ప్రయాణాలలో జట్టు వారు నియమించిన మనిషి వెంట ఉండేవాడు. జేబులో డబ్బు ఉంచేవారు కాదు. తరచుగా మూత్ర పరీక్షలు జరిగేవి. 2010లో టెక్సాస్ జట్టు గెలిచినప్పుడు ఆచారం ప్రకారం షాంపేన్ చల్లుకొనవలసి ఉండగా, సహచరులు అతడి కోసం అల్లం రుచి గల మద్యరహిత పానీయాన్ని చల్లుకొని ఉత్సవం చేసుకొన్నారు. విజయోత్సవం తగ్గలేదు, ఒక మనిషి నిలబడ్డాడు.

ఇంత జాగ్రత్త తీసుకొన్నా 2009లోను, 2012లోను, 2015లోను అతడు కాలు జారాడు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. దానిని గురించి ముందు చెబుతాను.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కథ కూడా పాఠకులలో కొందరు ఎరిగినదే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు గెలిచినవాడు, 2014 సెప్టెంబరులో త్రాగి కారు నడుపుతూ రెండవసారి పట్టుబడ్డాడు. అతడి సంఘం ఆరు నెలలు నిషేధించినది. అతడు అరిజోనాలోని చికిత్సాలయంలో 45 రోజులు ఉండి, తన మనోవ్యాకులతకు కూడా చికిత్స పొందాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో 31 ఏళ్ళ వయసులో 5 స్వర్ణాలు, 1 రజతం గెలిచాడు. త్రాగుడు పైకి కనిపించే పొగ అయితే, మనసులోని దిగులు లోపలి నిప్పు. దిగులుకు వైద్యం చేయక త్రాగుడును మాత్రమే మాన్పించుట సగం పని.

మానుట ఎట్లా? మొదటి నాలుగు రోజుల ప్రమాదం

చెడు అలవాటును ఒక్కసారిగా తెంపివేయక, పావు వంతు చొప్పున తగ్గిస్తూ, ఆ మేరకు మంచి అలవాటును పెంచుకొంటూ రావలెనని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. దీనినే పాదాంశిక క్రమం అంటారు. ఖైనీ, గుట్కా, చుట్ట వంటి వాటిని విడుచుటకు ఈ క్రమం కొందరికి అనుకూలిస్తుంది.

కాని నిత్యం ఎక్కువగా త్రాగేవారి విషయంలో తగ్గించుటైనా, మానుటైనా వైద్యుని పర్యవేక్షణలోనే జరగవలెను. “గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే నాలుగు రోజుల్లో దారికి వస్తాడు” అనుకొనుట ప్రాణాంతకం. మానిన కొన్ని గంటలకే చేతులు వణకుట, చెమటలు పట్టుట మొదలవుతుంది. మొదటి రెండు రోజులలో మూర్ఛ రావచ్చును. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి సంధి ప్రేలాపన, లేనివి ఉన్నట్లు కనిపించుట, తీవ్ర జ్వరం వస్తాయి. ఇవి ఇంటి వైద్యానికి లొంగేవి కావు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. వ్యసన విముక్తికి 14446, మానసిక సమస్యలకు 14416 నంబర్లకు రుసుము లేకుండా ఫోను చేసి సలహా పొందవచ్చును.

తిరిగి ఆటకు: అర్ధశక్తి సూత్రం

వ్యాయామం ఎంత చేయవలెననే ప్రశ్నకు వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చక్కని కొలత ఇచ్చాడు. తనకున్న బలంలో సగం మేరకే చేయవలెను. సుశ్రుతుడి మాట కూడా అదే. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి, నోరు ఆరుట మొదలైతే సగం బలం ఖర్చైనదని గుర్తు. వ్యసనం విడిచినవాడి బలం పాత బలం కాదు. ఆనాడు ఉన్న బలంలో సగం. ఆటగాడు ఇక్కడే పొరబడతాడు. మనసు పాత ఆటను గుర్తుంచుకొంటుంది, శరీరం ఇంకా దానిని అందుకొనలేదు. ఫలితంగా మొదటి వారంలోనే కండరం పట్టేయుట, నొప్పికి మాత్రలు, ఆ వెనుక నిరాశ, మళ్ళీ సీసా. 

దీర్ఘకాలం త్రాగినవారికి గుండె కండరం, కాలేయం, కాళ్ళ కండరాలు దెబ్బతిని ఉండవచ్చును. కనుక మైదానంలోకి దిగే ముందు రక్తపోటు, గుండె, కాలేయ పరీక్షలు తప్పనిసరి. వైద్యుడు అనుమతించిన తరువాత నేను సూచించే క్రమం ఇది:

1. మొదటి నెల: ఆట వద్దు. ఉదయం 20 నుండి 30 నిమిషాల నడక. వేళకు భోజనం, వేళకు నిద్ర. ఈ నెలలో గెలవవలసినది నిద్రనే.

2. రెండవ నెల: అర్ధశక్తి మేరకు పరుగు, దండీలు, బస్కీలు. ఇంటివారిలో ఒకరు వెంట ఉంటే మరీ మంచిది.

3. మూడవ నెల: జట్టుతో సాధన. సాధన ముగిసిన వెంటనే ఇంటికి రావలెను. ఆట కంటే, ఆట ముగిసిన తరువాతి గంట ప్రమాదకరమైనది.

4. ఆ తరువాత: ముందు ఊరి స్థాయి పోటీలు, అటుపై పెద్దవి. బహుమతి సొమ్ము నగదుగా వస్తే తల్లికో, శిక్షకుడికో అప్పగించవలెను.

ఈ గడువులు అందరికీ ఒకటే కావు. శరీరాన్ని బట్టి, వ్యసనం ఎన్నాళ్ళదన్న దానిని బట్టి పెంచుకొనవలెను.

ఇంటిలో చేయదగినవి

ఖర్జూరాది మంథం: మద్య వికారాలకు శార్ఙ్గధర సంహితలో చెప్పిన పానీయమిది. గింజలు తీసిన ఖర్జూరాలు 4, ఎండుద్రాక్ష 15, దానిమ్మ గింజలు 2 చెంచాలు, ఉసిరికాయ ముక్కలు కొన్ని, కొద్దిగా చింతపండు తీసుకొని చల్లని నీటిలో గంటసేపు నానబెట్టి, కవ్వంతో బాగా చిలికి, వడగట్టి త్రాగించవలెను. దాహం, నోరెండుట, నీరసం తగ్గుతాయి. ఏ పూటకు ఆ పూటే చేసుకొనవలెను. నిలవ ఉంచితే పులుస్తుంది. మధుమేహం ఉన్నవారికి ఇది పనికిరాదు.

చోడి అంబలి: రాగులను మా ప్రాంతంలో చోళ్ళంటారు. ఉదయం చోడి అంబలిలో పలుచని మజ్జిగ కలిపి ఇవ్వవచ్చును. పులియబెట్టకుండా అప్పటికప్పుడు కాచినదే వాడవలెను.

ఆహారం: ఎక్కువగా త్రాగేవారి శరీరంలో బి1 విటమిను లోపిస్తుంది. ఆ లోపానికి మొదట వైద్యుడు మందు ఇవ్వవలెను. తరువాత దంపుడు బియ్యం, పెసలు, వేరుశనగ, నువ్వులు, ఆకుకూరలు క్రమంగా వాడితే మేలు కలుగుతుంది. 

ఆకలి లేనప్పుడు: భోజనానికి ముందు చిన్న అల్లం ముక్కను సైంధవ లవణంతో నమలవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పు లేకుండా వాడవలెను.

నిద్రకు: పడుకొనే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసి, ఒక గ్లాసు వెచ్చని పాలు ఇవ్వవలెను. జాజికాయ ఎక్కువగా వాడితే అదే మత్తు కలిగిస్తుంది కనుక దాని జోలికి పోరాదు.

ఖైనీ, గుట్కా విడిచినవారికి: నోరు లాగినప్పుడు వేయించిన వాము, సోంపు, ఎండు ఉసిరి ముక్కలు నమలుటకు ఇవ్వవలెను. ఆ తహతహ సాధారణంగా కొద్ది నిమిషాలలో తగ్గిపోతుంది. ఆ కొద్ది నిమిషాలు దాటించుటయే చికిత్స.

ఇవి ఎంతమాత్రం కూడదు

ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టం, దశమూలారిష్టం, కుమార్యాసవం మొదలైన ఆసవ అరిష్టాలన్నీ పులియబెట్టి చేసేవి. వాటిలో సహజంగానే కొంత మద్యసారం పుడుతుంది. ఆరోగ్యవంతుడికి తగిన మోతాదులో అవి మందులే. కాని త్రాగుడు విడిచినవాడికి చెంచాడు అరిష్టం కూడా పాత రుచిని గుర్తుచేసే పిలుపు కాగలదు. బలానికి ప్రేమతో పట్టిన మందు అతడిని మళ్ళీ దుకాణం వైపు నడిపించవచ్చును. మద్యసారం గల దగ్గు మందుల విషయంలోను ఇదే జాగ్రత్త అవసరం. అరిష్టానికి బదులు ఏ చూర్ణమో, కషాయమో సరిపోతుందేమో వైద్యుని అడుగవలెను. అశ్వగంధ చూర్ణం కూడా కాలేయ దోషం ఉన్నవారు స్వయంగా మొదలుపెట్టరాదు.

త్రాగుడు మాన్పించుటకు వైద్యులు ఒక్కొక్కప్పుడు డైసల్ఫిరామ్ అనే మాత్రలు ఇస్తారు. అవి వాడుతుండగా మద్యసారం ఏ రూపంలో లోపలికి పోయినా ముఖం ఎర్రబారి, వాంతులై, గుండె దడ పుట్టి, రక్తపోటు పడిపోవచ్చును. ఆ సమయంలో అరిష్టం పట్టుట మరీ ప్రమాదం. అట్లాగే త్రాగేవాడికి తెలియకుండా కూరలో కలిపి పెట్టమని అమ్మే పొడులను కొనకూడదు. వాటిలో ఏమున్నదో అమ్మేవాడికీ తెలియకపోవచ్చును. మోసంతో మొదలైన చికిత్స వలన ఇంటివారిపై నమ్మకం కూడా పోతుంది.

పోటీలలో ఆడేవారు మరొక సంగతి గుర్తుంచుకొనవలెను. ప్రపంచ ఉత్తేజక నిరోధక సంస్థ నిషేధించిన పదార్థాలు మన ఔషధాలలో కొన్నింటిలో ఉన్నవి. విషతిందుక వటి, అగ్నితుండి వటిలో ముషిణి విత్తు ఉంటుంది. అందులోని స్ట్రిక్నిన్ పోటీల సమయంలో నిషిద్ధం. సోమలత పేరుతో వాడే ఎఫిడ్రా, విజయ పేరుతో గంజాయి కలిసిన లేహ్యాలు కూడా ఈ కోవలోనివే. గంజాయి ఛాయలు నిత్యం వాడినవారి మూత్రంలో వారాల తరబడి నిలిచి ఉంటాయి. వంటింటి గసగసాల వలన కూడా మూత్ర పరీక్షలో మార్ఫిన్ కనిపించిన సందర్భాలున్నవి. కనుక పోటీలకు ముందు గసగసాల పాయసం, మసాలా మానుట మేలు. 2011లో మన దేశపు మహిళా 4×400 మీటర్ల పరుగు జట్టులోని కొందరు పరీక్షలో దొరికినప్పుడు, తాము వాడిన జిన్సెంగ్ అనే మూలికా బలవర్ధకంలో కల్తీ ఉన్నదని చెప్పినా నిషేధం తప్పలేదు. తెలియక తిన్నామన్నది శిక్షను పూర్తిగా తొలగించదు. వ్యసన చికిత్సకు వైద్యుడు ఇచ్చే బుప్రెనార్ఫిన్ వంటి మందులకు కూడా ముందుగా అనుమతి తీసుకొనవలెను. అనుమతి కోసమని చికిత్సను మాత్రం ఆపరాదు.

మళ్ళీ కాలు జారితే?

త్రాగుడు విడిచి కొంతకాలం ఉన్నవాడు ఒక్కసారిగా అతిగా త్రాగితే ధ్వంసకం, విక్షయం అనే రెండు రోగాలు కలుగుతాయని చరకుడు చెప్పాడు. మొదటిదానిలో గొంతు, నోరు ఎండుట, శబ్దం భరించలేకపోవుట, మగత ఉంటాయి. రెండవదానిలో గుండెలో, గొంతులో బాధ, వాంతులు, ఒళ్ళునొప్పులు, జ్వరం, తలనొప్పి ఉంటాయి. శరీరం అప్పటికే క్షీణించి ఉండుట వలన ఇవి చికిత్సకు సులభంగా లొంగవని హెచ్చరించాడు. అనగా వ్యసనం తిరగబెట్టుట మన శాస్త్రానికి కొత్త విషయం కాదు. నల్లమందు జాతి మత్తుపదార్థాలు విడిచినవాడు పాత మోతాదునే మళ్ళీ తీసుకొంటే ఊపిరి ఆగిపోవచ్చును. కనుక జారినవాడు దాచుకొనే పరిస్థితి ఇంట్లో ఉండకూడదు.

“ఇంత చేస్తే మళ్ళీ త్రాగి వచ్చావా?” అని వాకిట్లో నలుగురి ముందు అరిచే ఇంటిలో మరుసటిసారి అతడు దాస్తాడు. దాచిననాడు రోగం పెరుగుతుంది. ముందు వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. తరువాత ఏ రోజు, ఎవరితో, ఏ సందర్భంలో జారాడో నెమ్మదిగా అడిగి తెలుసుకొని, ఆ దారిని మూయవలెను. జట్టు నుండి వెంటనే తీసివేయుట కూడా తగదు. ఒక మెట్టు వెనక్కు వేసి, మళ్ళీ అర్ధశక్తితో మొదలుపెట్టవలెను.

1990లలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకినది. 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. చట్టాలు వస్తాయి, పోతాయి. ఇంటి కట్టుబాటును మాత్రం ఇంటివారే నిలుపుకొనవలెను.

మైదానం ఆటగాడికి బహుమానం మాత్రమే కాదు; వేళకు లేచే అలవాటును, ఒంటికి మంచి అలసటను, నలుగురిలో గౌరవాన్ని ఇచ్చే పథ్యం కూడా. పథ్యాన్ని ఒక్కసారిగా మితిమీరి పెట్టరు, అట్లాగని మానిపించరు. కనుక మీ అబ్బాయిని ఆటకు పంపండి. మొదటి పోటీలో గెలిచాడా, ఓడాడా అని అడుగకండి. ఆట ముగిసిన గంటలోపు ఇంటికి వచ్చాడా అని చూడండి. వస్తే, ఆ రోజుకు గెలిచినట్లే. ఆ గెలుపుకు ఒక గ్లాసు చల్లని అల్లం పానకం ఇంటిల్లిపాదీ కలిసి త్రాగండి.